ఒక ‘న’ ఎక్కువ

ఆ ఏడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం తెలుగు పరీక్షకి, నాటక విభాగం కింద, సామర్లకోట మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండే గున్నేశ్వరరావుని పాఠ్యాంశంగా నిర్ణయించారు. ఉత్తరం మంగళవారం పదకొండు గంటలకి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకుని, "మా మేనల్లుడు ఈ ఏడే రాస్తన్నాడండి. కాస్త తేలిగ్గా ఉండండి," అని చెప్పి సైకిలెక్కాడు.

ఇందులో వింతేమీ లేదు. పాత నాటకాలూ, నవలలూ, ప్రసంగాలూ ఎనిమిదేళ్ల కిందటే అయిపోయాయి. రాజుల ఔదార్యం, రాణుల ఓర్పు, మంత్రుల కుటిలత్వం అన్నీ అడిగిందే అడగడం, రాసిందే రాయడం. ఒక ఏడు గత్యంతరం లేక ద్వారపాలకుడి పాత్ర స్వభావం అడిగారు. నాటకం మొత్తంలో అతనికున్నది ఒక్కటే మాట, ‘చిత్తం’. పిల్లలు ఆరేసి పేజీలు రాశారు. అది చూశాక పాఠ్యపాత్రల మండలి సమావేశమై, ఇకమీదట బతికున్నవాళ్లని పెట్టుకోవడమే మేలని తీర్మానం చేసింది. సిలబస్ మారినప్పుడల్లా ముగ్గురు. నాటకానికొకరు, నవలకొకరు, ప్రసంగానికొకరు. నిబంధన ఒక్కటే: పరీక్షలో ఎక్కువమంది పిల్లలు ఏది రాస్తే అదే సరైన జవాబు. పాత్ర దానికి తగ్గట్టు ఉండాలి.

జనం అలవాటుపడ్డారు. పిఠాపురంలో ఒక దర్జీ నవల విభాగంలో వచ్చాడు. అంతకుముందు మిగిలిన గుడ్డముక్కలతో వీధి పిల్లలకి టోపీలు కుట్టిచ్చేవాడు. పిల్లలు లోభి అని రాశారు. ఇప్పుడు ఎవరి చొక్కాకీ ఆఖరి గుండీ కుట్టడు. పెద్దాపురంలో నీళ్ల ట్యాంకు ఫోర్‌మన్ పదవీ విరమణ సభలో మాట్లాడిన నాలుగు నిమిషాలు ప్రసంగ విభాగంలో పాఠమైంది. ఆయన అప్పట్నించి ఆ నాలుగు నిమిషాలే మాట్లాడతాడు. కూరగాయల బండి దగ్గరకి వచ్చినా "సభకు నమస్కారం" అనే మొదలెడతాడు. బండివాడు చివరిదాకా విని, చప్పట్లు కొట్టి, అరకిలో వంకాయలు తూస్తాడు.

అందుకని ఉత్తరం చూసి గున్నేశ్వరరావు భయపడలేదు. నిజానికి పొంగిపోయాడు.

అతను ఊళ్లో నాటక సమాజానికి ముప్పై ఒక్క ఏళ్లు ప్రాంప్టరుగా పనిచేశాడు. పక్క తెర చాటున, చేతిలో పుస్తకం, చిన్న లైటు. నటుడు మాట మర్చిపోతే మొదటి అక్షరం అందించాలి. నటుడికి వినబడాలి, ముందు వరసకి వినబడకూడదు. అన్ని వేషాల మాటలూ అతనికి కంఠతా వచ్చు. ఒక్క వేషమూ ఎవరూ ఇవ్వలేదు. ఆ అలవాటు ఇంటా బయటా పోలేదు. కిరాణా కొట్టులో ఎవరైనా "ఒక అరకిలో..." అని ఆగితే, పక్కన నిలబడి మెల్లగా "కంది" అనేవాడు.

అతనికి పెళ్లి లేదు. ఇంట్లో అక్క మరిడమ్మ. తొమ్మిదేళ్లు పెద్దది. తల్లి పోయినప్పుడు అతనికి నాలుగేళ్లు. ఆ రోజు నించి అతనికి అన్నం పెట్టింది ఆవిడే. పెళ్లైన మూడో ఏట మొగుడు పోతే పుట్టింటికొచ్చేసి, నాటక సమాజానికి కిరీటాలు అతుకుతూ, భుజకీర్తులకి తళుకులు కుడుతూ ఇంటిని లాక్కొచ్చింది. ఇప్పుడు కళ్లు ఆనక మానేసింది. ఈ పదేళ్లనించీ మధ్యాహ్నం అతనే వడ్డిస్తాడు. స్టీలు కంచాలు రెండు; పాత్రల షాపువాడు మిషనుతో చెక్కిన పేర్లు వాటి అంచు మీద ఉన్నాయి. ముందు ‘మరిడమ్మ’ కంచం పెట్టి, తర్వాత తనది పెట్టుకుంటాడు. ఒక్క రోజూ ఆ వరస తప్పలేదు.

"ఏం పాత్రంట్రా?" అంది మరిడమ్మ, ఉత్తరం విని.

"నా పాత్రేనక్కా. గున్నేశ్వరరావు పాత్ర."

"అలాగా. మరి దానికి మాటలెవడందిస్తాడు?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

జూన్ ఆఖర్లో పాత్ర పర్యవేక్షకుడు వచ్చాడు. చిదంబరం అని, జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరరు. మంచి మనిషి. గుమ్మం బయటే చెప్పులు విప్పి, మజ్జిగిస్తే తాగి, పదహారు పేజీల ఫారం తీశాడు. పాత్ర లేచే వేళ. పాత్ర ఊతపదాలు. పాత్రలో అంతస్సంఘర్షణ ఉన్నదా, ఉన్నచో ఏ గదిలో.

"అంతస్సంఘర్షణ అంటే..." గున్నేశ్వరరావు ఆలోచించాడు. "పొద్దున్న ఉప్మాయా, అట్టా అన్న దగ్గర కొంచెం ఉంటదండి."

"వంటగది," అని రాసుకున్నాడు చిదంబరం.

జులై నించి పిల్లలు రావడం మొదలైంది. పదకొండు నించి పన్నెండు దాకా, బ్యాచికి నలభైమంది. కిటికీ దగ్గర వరసగా నిలబడి నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. గున్నేశ్వరరావు ఓ రోజు పప్పు రుచి చూసి "ఉప్పు చాల్లేదు" అన్నాడు. అది త్రైమాసిక పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్యకి వచ్చింది. సందర్భం, అర్థం, భావం. జీవితంలో కోల్పోయిన సారాన్ని పాత్ర ఇక్కడ సూచ్యంగా చెప్పుచున్నదని డెబ్భైమంది రాశారు. గున్నేశ్వరరావు ఆ జవాబు చదువుకుని ఆ పూట పప్పు మళ్లీ రుచి చూశాడు. నిజమేనేమో అనిపించింది. అప్పట్నించి పప్పులో ఉప్పు ఎంత వేసినా అతనికి చాలేది కాదు.

మండలివారి పాఠం ఆగస్టులో అచ్చయింది. ఎనిమిది పేజీలు, గ్రాంథికంలో. చిదంబరం ఒక ప్రతి తెచ్చి అక్కాతమ్ముళ్లిద్దరికీ చదివి వినిపించాడు. ఆరో పేజీలో ఈ వాక్యం ఉంది: ‘జీవితమంతయు తెరచాటున గడపిన గున్నేశ్వరరావు కడవఱకును తన యక్కనాదరించెను.’

"అక్కను ప్లస్ ఆదరించెను," అన్నాడు చిదంబరం వేలు పెట్టి చూపిస్తూ. "ఉత్వసంధి. ఇందులోంచి బిట్టు గ్యారంటీ అండి."

"నన్ను కూడా రాశారంట్రా!" అని మరిడమ్మ ఆ పేజీని చేత్తో తడిమింది.

గైడు నవంబరులో వచ్చింది. అక్కడినించి పాఠం ఎవరూ చదవలేదు. అందులో తప్పుపట్టడానికేం లేదు, ఎప్పుడూ అంతే. పిల్లలూ గైడే చదువుతారు, లెక్చరర్లూ గైడే చెబుతారు, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లూ గైడు పక్కన పెట్టుకునే చేస్తారు. ఎదురింటి అమ్మాయి పావని కూడా ఒకటి కొనుక్కుని, మరిడమ్మకి సరదాగా చదివి వినిపిద్దామని తెచ్చింది. అరుగు మీద కూర్చుని చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

గున్నేశ్వరరావు అలవాటు కొద్దీ లోపల్నించి అందించాడు. "అక్కనా..."

"కాదు మావయ్యగారూ. ఇక్కడ ఇంకోలా ఉంది."

‘తన యక్కననాదరించెను’ అని ఉంది.

ఒక ‘న’ ఎక్కువ. అచ్చు కూర్చేవాడి వేలు అదే మీట మీద రెండోసారి పడి ఉంటుంది. కానీ గైడు రాసేవాడికి ఏ వాక్యానికైనా వివరణ రాయాలి. అది అతని వృత్తి ధర్మం. రెండో ముద్రణలో రాసేశాడు; పావని కొన్నది అదే. అక్కను ప్లస్ అనాదరించెను. ఏల అనాదరించెను? తెరచాటు చీకటిలో గడపిన వాని హృదయము శిలాసదృశమైనది. ఆమె కుట్టిన కిరీటములను చూచియు చూడనట్లుండెను. ఆమె పిలిచినను పలుకకుండెను. చివరకు ఆమెను అరుగుపాలు చేసెను. ఇవి కంఠస్థము చేయవలెను అని కింద నల్లగీత.

మరిడమ్మ పగలబడి నవ్వింది. "ఒరేయ్ గున్నీ, నన్ను అరుగుపాలు చేశావంటరా! ఎప్పుడు చేశావురా, నాకు తెలీకుండా?"

గున్నేశ్వరరావు నవ్వలేదు. గైడు చంకలో పెట్టుకుని చిదంబరం ఇంటికి వెళ్లాడు.

చిదంబరం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. "సంధి మటుకు తప్పు లేదండి," అన్నాడు చివరికి. "ఇదీ ఉత్వసంధే."

"అర్థం తిరగబడింది కదండీ మాస్టారూ!"

"తిరగబడిందండి. కాకపోతే మూడున్నర లక్షల కాపీలు అమ్మేశారు. మీరు కంగారు పడకండి. ఆ ప్రశ్నే వస్తుందని ఏముంది?"

మార్చిలో ఆ ప్రశ్నే వచ్చింది. ‘గున్నేశ్వరరావు తన అక్కపట్ల ప్రవర్తించిన తీరును విశ్లేషించుము.’ ఎనిమిది మార్కులు. ఏప్రిల్ రెండో వారంలో మూల్యాంకన కేంద్రం నించి లెక్క వచ్చింది. పరీక్ష రాసినవాళ్లు నాలుగు లక్షల పన్నెండు వేలు. అనాదరించెను అని రాసినవాళ్లు మూడు లక్షల తొంభై వేలు. మిగిలినవాళ్లలో చాలామంది ప్రశ్న ముట్టుకోలేదు. ఆదరించెను అని రాసింది పదకొండుమంది. వాళ్లు గైడు దొరకని ఊళ్లవాళ్లు.

మండలి ఆఫీసు రెండో అంతస్తులో ‘పాత్రల సర్దుబాటు’ అని బోర్డున్న గది ఉంది. అక్కడ విశాలాక్షి అనే సెక్షన్ ఆఫీసరు గున్నేశ్వరరావుని కూర్చోబెట్టి, ఫ్యాను అతని వైపు తిప్పింది. అతను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది.

"మీరు చెప్పింది నిజమేనండి," అంది. "అచ్చుతప్పే. మా దగ్గర కూడా నమోదైంది. వచ్చే ముద్రణలో చూస్తాం."

"అయితే నేనింటికి ఎల్లిపోవచ్చాండి?"

"వెళ్లండి. కానీ జవాబు ఖరారైపోయింది. తప్పు ఎవరిదైనా పిల్లలు నష్టపోకూడదు కదండీ. పాత్రే జవాబుకి సరిపోవాలి. తనిఖీ బృందం ఇరవై రెండున వస్తుంది."

"మరి నా సంగతి?"

"మీరు పిల్లలు కాదు కదండీ," అంది ఆవిడ మెత్తగా.

గున్నేశ్వరరావు లేవలేదు. "నేను చెయ్యనండి. నా వల్ల కాదు. అప్పుడేం చేస్తారు?"

విశాలాక్షి నిబంధనల పుస్తకం తీసింది. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది. "పాత్ర సహకరించకపోతే ప్రశ్న రద్దవుతుందండి. అందరికీ ఎనిమిది మార్కులు కలుపుతారు. ప్రశ్న రద్దయితే పాఠం రద్దు. పాఠం రద్దయితే పాత్ర రద్దు."

"రద్దంటే?"

"రద్దంటే రద్దేనండి." ఆవిడ పుస్తకం మూసింది. "మీరు తుని ఎప్పుడైనా వెళ్లారా?"

వెళ్లాడు. చాలాసార్లు. తునిలో నాటకం ఆడినప్పుడల్లా సమాజం వాళ్లందరూ ఒక ఇంట్లో దిగేవాళ్లు. పెద్ద ఇల్లు. పెరట్లో బావి. పొద్దున్నే ఎవరో కాఫీలిచ్చేవారు. ఎవరు? గున్నేశ్వరరావు ఆ మొహం కోసం చాలాసేపు వెతికాడు. చేతిలో వేడి గ్లాసు గుర్తొచ్చింది. గ్లాసిచ్చిన చెయ్యి గుర్తు రాలేదు.

"అక్కడి పాత్ర కూడా సహకరించలేదు. చాలా పట్టుదల మనిషండి," అంది విశాలాక్షి. "అని ఫైల్లో ఉంది. నాకూ గుర్తు లేదు."

గున్నేశ్వరరావు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మా అక్క?"

"ఆవిడ ఆరో పేజీలో ఉన్నారు కదండీ. పేజీ పోతే ఆవిడా పోతారు."

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. మరిడమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపలేదు.

"ఇద్దరం పోవడమా, నేను అరుగెక్కడమా. ఇదేగా బేరం?"

"అవునక్కా."

"దీనికింత మొహం పెట్టావేంట్రా? అరుగేమన్నా రంగూన్లో ఉందా? గోడకి అవతల. తనిఖీ చేసుకుని ఎల్లిపోతారు, నేను లోపలికొచ్చేత్తాను. నాటకమే కదా."

"నాకు వేషం రాదక్కా."

"నేర్పుతాను రా. ఎన్ని నాటకాలకి కుట్టలేదు నేను!"

మర్నాటి నించి రిహార్సల్స్ మొదలయ్యాయి. మరిడమ్మ కళ్లజోడు పెట్టుకుని, గైడు ముందేసుకుని కూర్చునేది. "ఊ, ఇప్పుడు నేను పిలుస్తాను. నువ్వు పలక్కూడదు. గున్నీ!"

"ఏంటక్కా?"

"నీ మొహం. మళ్లీ. గున్నీ!"

"ఊ?"

"ఊ అన్నా పలికినట్టే రా. పిలుపు నీ చెవిన పడింది, కానీ నీది కాదు. నువ్వు అటు చూస్తన్నావు. అదిగో, ఆ మేకు వైపు చూడు. గున్నీ!"

అతను గోడకున్న మేకు వైపు చూశాడు. మేకు మసకేసింది.

"బాగుంది," అంది మరిడమ్మ. "కానీ కళ్లనీళ్లొద్దు. గైడులో లేదు."

ఇరవై రెండున బృందం వచ్చింది. ముగ్గురు. చిదంబరం, ఇద్దరు కొత్తవాళ్లు. సందు నిండా తల్లిదండ్రులు. అరుగు మీద మరిడమ్మ తన ట్రంకు పెట్టె పక్కన కూర్చుంది. అంతా సవ్యంగానే నడిచింది. గున్నేశ్వరరావు మేకు వైపు చూశాడు, రెండు పిలుపులకి పలకలేదు. ఇంతలో మరిడమ్మకి నిజంగానే దగ్గొచ్చింది. ఎండాకాలం, సందులో దుమ్ము. పొలమారి ఆగకుండా దగ్గింది. గున్నేశ్వరరావు కూజా వంచి గ్లాసు నింపి ఆవిడ చేతికిచ్చేశాక గానీ తను కదిలినట్టు అతనికే తెలియలేదు.

బయట జనం ఒక్కసారి ‘అయ్యో’ అన్నారు. క్యాచ్ వదిలేసినప్పుడు అంటారే, అలాగ.

"దాహము తీర్చెను," అని రాసుకున్నాడు కొత్తవాళ్లలో ఒకతను. "ఇది ఆదరణ కిందకొస్తుంది. శుక్రవారం మళ్లీ చూస్తాం. అదే ఆఖరు."

ఆ మూడు రోజులూ ఇంటికి జనం తగ్గలేదు. ఎవరూ గొడవ చెయ్యలేదు, అందరూ మర్యాదస్తులే. ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, "పిల్ల రెండేళ్లు నిద్రపోలేదండి. మీరు ఒక్క గ్లాసు నీళ్ల దగ్గర చూసుకోలేకపోయారు," అంది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలేమీ లేకపోయినా వచ్చి, "మావాడు సరిగ్గా ఆ ఎనిమిది మార్కుల మీదే ఉన్నాడండి బాబూ," అన్నాడు. "ప్రశ్న రద్దయితే మార్కులు కలుపుతారు కదా," అని గున్నేశ్వరరావు అన్నాడు. "అందరికీ కలిపితే మావాడికేం లాభమండి?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

పావని కూడా వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"నేను కూడా అనాదరించెననే రాశాను మావయ్యగారూ. నాకు తెలుసు. రోజూ చూస్తాను. అయినా అలాగే రాశాను."

"మంచి పని చేశావమ్మా," అంది మరిడమ్మ లోపల్నించి. "లేకపోతే తప్పయ్యేది."

పావని తన గైడు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం గున్నేశ్వరరావు అడిగాడు. "అక్కా, నువ్వు ఎదురుగా ఉంటే నాకు మాట రావట్లేదు. ఏం చెయ్యమంటావు?"

"నటుడికి మాట రాకపోతే నువ్వేం చేసేవాడివి?"

అతను గైడు అట్ట తెరిచి మూశాడు.

"చెప్పు. ఎంతసేపు ఆగేవాడివి?"

"మూడు అంకెలు. నాలుగో అంకెకి జనం కనిపెట్టేత్తారు. మూడుకి మొదటి అక్షరం అందించాలి. పళ్ల మధ్యనించి."

"అంతేగా," అంది మరిడమ్మ.

ఒకసారి అతను చెప్పాడు ఆవిడకి, చాలా ఏళ్ల కిందట. ప్రాంప్టరు పని ఎప్పుడు పూర్తవుతుందో. నటుడికి వేషం ఒంటికి పట్టేస్తే, మాట కోసం తెర వైపు చూడ్డం మానేస్తాడు. ఆ రోజు ప్రాంప్టరు పుస్తకం మూసేసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. అంతకన్నా మంచి ప్రదర్శన ఉండదు.

శుక్రవారం నాలుగ్గంటలకి బృందం కూర్చుంది. సందులో ఎవరూ దగ్గలేదు. గున్నేశ్వరరావు ముందు గదిలో కిటికీ పక్కన నిలబడ్డాడు. కిటికీకి అవతల, అరుగు మీద, మరిడమ్మ.

"ఒరేయ్ గున్నీ. ఆకలేత్తందిరా. ఇంత అన్నం పెట్టరా," అంది.

బాగా అంది. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గున్నేశ్వరరావు మేకు వైపు చూశాడు. మాట రాలేదు. ఒకటి. చిదంబరం కలం ఎత్తిపట్టుకున్నాడు. రెండు. తునిలో చేతిలో వేడి గ్లాసు. మూడు.

"ఎవ..."

అరుగు వైపునించి, కిటికీ చువ్వల మధ్యనించి, పళ్ల మధ్యనించి, అతనికి మాత్రమే వినబడేటంత.

"ఎవరు నువ్వు?" అన్నాడు గున్నేశ్వరరావు.

అది దాటాక మిగిలినవి వరసగా వచ్చేశాయి. గొంతు కూడా కొత్తగా, గట్టిగా పలికింది. ఇన్నేళ్లూ గుసగుసల్లో దాక్కున్న గొంతు. పొద్దస్తమానం వచ్చి ఈ అరుగు మీద కూర్చుంటావేం, నీకిక్కడేం పని, వేళకి అన్నం పెట్టడానికి ఇదేమన్నా సత్రమా అన్నాడు. కిటికీ రెక్కలు మూసేశాడు. గైడులో కిటికీ ప్రస్తావన లేదు. అది అతనే కల్పించాడు. బయట చప్పట్లు మోగాయి. ముప్పై ఒక్క ఏళ్లలో చప్పట్లు అతని కోసం మోగడం అదే మొదలు.

"సహజంగా ఉందండి," అన్నాడు చిదంబరం సంతకం పెడుతూ. అతను కాగితం వైపు చూడలేదు. అయినా సంతకం సరిగ్గానే వచ్చింది.

జనం వెళ్లిపోయాక గున్నేశ్వరరావు కిటికీ తీశాడు. "అక్కా, అయిపోయింది. లోపలికి రా."

మరిడమ్మ లేచి ట్రంకు పెట్టె ఎత్తబోయింది. అప్పుడే చిదంబరం వెనక్కొచ్చాడు, గొడుగు మర్చిపోయి. ఇద్దర్నీ చూసి తల దించుకున్నాడు.

"ఇది మూడేళ్ల సిలబస్సండి," అన్నాడు. "మధ్యలో ఎప్పుడైనా వస్తారు. చెప్పి రారు."

మరిడమ్మ పెట్టె మళ్లీ కింద పెట్టింది.

ఫలితాలు మే నెలలో వచ్చాయి. తెలుగులో తొంభై ఆరు శాతం. పోస్ట్‌మ్యాన్ మేనల్లుడు పాసై, లడ్డూలు తెచ్చి గున్నేశ్వరరావుకి రెండిచ్చాడు. అరుగు మీద ఎవరో ఉన్నట్టు అతను గమనించలేదు. వీధిలో చాలామందీ అలాగే ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, వచ్చే ఏడు రాయాల్సినవాళ్లు.

మధ్యాహ్నం వేళకి గున్నేశ్వరరావు అలవాటుగా రెండు కంచాలు తీసేవాడు. ముందు ‘మరిడమ్మ’ కంచం. అది నేలకి ఆనీ ఆనకముందే కిటికీ అవతల్నించి మెల్లగా వినిపించేది. "తి..."

అతను తీసేసేవాడు.

తర్వాత, సందులో ఎవరూ లేకుండా చూసి, ఒక ముద్ద ఆకులో చుట్టి చువ్వల్లోంచి ఇవ్వబోయేవాడు. "మే..." అని వినిపించేది. అతను మేకు వైపు చూసేవాడు. అలా చూస్తుండగానే ఆకు చేతిలోంచి వెళ్లిపోయేది.

జూన్‌లో వానలు పడ్డాయి. అరుగు తడిసింది. "తలు..." అని వినిపిస్తే తలుపు వేసుకున్నాడు. జులైలో కొత్త బ్యాచి పిల్లలు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒకడు అరుగు వైపు చూపించి "ఆవిడెవరండి?" అని అడిగాడు. గున్నేశ్వరరావు ఎవరూ అందించకముందే, "ఎప్పట్నించో ఉంటందయ్యా. పాపం ఎవరో," అన్నాడు. పిల్లలు రాసుకున్నారు. అన్నాక అతనికి ఏదో మర్చిపోయినట్టనిపించింది. వంటింట్లోకి వెళ్లి పప్పులో ఇంకాస్త ఉప్పు వేశాడు.

ఆగస్టులో ఒక మంగళవారం, పన్నెండున్నరకి, గున్నేశ్వరరావు గూట్లోంచి ఒక కంచం తీశాడు. తనది. ఎదురుగా పెట్టుకుని వడ్డించుకున్నాడు. పెరుగు గిన్నె మీద మూత కనబడక గూట్లో చెయ్యి పెడితే ఇంకో కంచం తగిలింది. అంచు మీద ఏదో పేరు చెక్కి ఉంది. దాన్ని గిన్నె మీద బోర్లించాడు. సరిగ్గా సరిపోయింది. పీట మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. కిటికీ వైపు ఒక్కసారీ చూడలేదు.

అరుగు మీద మరిడమ్మ మూడు అంకెలు లెక్కపెట్టింది. నాలుగోది కూడా లెక్కపెట్టింది. తర్వాత ఒళ్లో ఉన్న గైడు మూసేసి, కళ్లజోడు తీసి, మడిచి, పెట్టెలో పెట్టుకుంది.